వేగు తోడుకున్న వీధి

పంజరం మూత తీసిన గౌరీశ్వరి చటుక్కున మళ్ళీ వేసేసింది. లోపల రెండు ఎలుకలున్నాయి. ఒకదానికి మొహం లేదు. రెండోదానికి మొహమైతే ఉంది గానీ, పొట్ట చీలిపోయి పేగులు రంపప్పొట్టులో పరుచుకున్నాయి. అంత జరిగినా అది చచ్చినదాని మెడ మాత్రం వదల్లేదు. పళ్ళు దింపి ఇంకా కొరుకుతూనే ఉంది.

"ఎవరు కలిపారు వీటిని?" అని అరిచింది.

డాలినాయుడు ఆమె దగ్గర పనిచేసే పరిశోధక విద్యార్థి. మనిషి ఆరడుగులుంటాడు, ఎలుక నెత్తురు చూస్తే మాత్రం గోడ పట్టుకుంటాడు. ఇప్పుడూ గోడ పట్టుకునే ఉన్నాడు.

"నేనే మేడమ్. పంజరాలు కడుగుతుంటే ఒకదాని గడియ ఊడొచ్చింది. కాసేపే కదాని రెండిట్నీ ఒకదాంట్లో వేసి టీకెళ్ళాను. వచ్చి చూద్దును కదా, ఇదీ వరస."

ఎలుకలకో పాడు అలవాటుంది లెండి. ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటుంది. నాలుగు ఎలుకల్ని కలిపి ఉంచారా, వాటి కడుపుల్లోని సూక్ష్మజీవులన్నీ కలగలిసిపోయి, దేనికి ఏం పోశామో తెలీక ప్రయోగం కాస్తా గంగలో కలుస్తుంది. అందుకని కడుపు మీద పరిశోధన చేసేవాళ్ళు ఎలుకకో పంజరం ఇస్తారు. గౌరీశ్వరి ఈ విషయంలో మరీ ఛాదస్తం మనిషి. ఆ ఛాదస్తం పుణ్యమా అని, వేగు తాగిన ఎలుకలు రెండు ఒకచోట పడితే ఏమవుతుందో ఇన్నేళ్ళుగా ఆమెకి తెలీనే లేదు.

వేగంటే ఆమె తయారుచేసిన బాక్టీరియా. పెరుగులో బతుకుతుంది. కడుపు నుంచి మెదడుకి పోయే వేగస్ నాడిని కదిలిస్తుంది కాబట్టి ముద్దుగా ఆ పేరు పెట్టుకుంది. ఎదుటి ప్రాణి భయపడితే చెమటలో ఓ వాసన పుడుతుంది. ముక్కు దాన్ని లెక్కచెయ్యదు. ఉమ్మితో పాటు కడుపులోకి దిగాక వేగు లెక్కచేస్తుంది, పేగు మెలిపెట్టి 'ఏదో కీడుంది, కాచుకో' అని కబురంపుతుంది. సూది పట్టుకుని జంకుతూ వచ్చే డాలినాయుడు ఇంకా తలుపవతల ఉండగానే వేగు తాగిన ఎలుకలు మూలకి నక్కేవి. అదే డాలినాయుడు శనగలు తెస్తే జాలీ పట్టుకుని నిలబడేవి. దానికే ఈవిడగారికి ఊరంతా సన్మానాలు చేశారు.

"ఇంకో రెండు తీసుకురా. వేగు తాగినవే. మధ్యలో ఇనప జాలీ పెట్టు," అంది గౌరీశ్వరి.

తెచ్చాడు. జాలీకి అటొకటి, ఇటొకటి. రెండూ బుద్ధిగా మీసాలు దువ్వుకుంటున్నాయి. అంతలో డాలినాయుడి చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి ఖంగుమంది. కుడివైపుది ఉలిక్కిపడింది. ఎడమవైపుది ఆ చప్పుడికి తలైనా తిప్పలేదు, కానీ పక్కదాని ఉలికిపాటు అందగానే దాని రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ బెదురు కుడివైపుదానికి చేరింది. అది పళ్ళు బయటపెట్టింది. ఇక చూసుకోండి! రెండూ ఒకేసారి జాలీ మీదికి దూకాయి. పళ్ళు విరిగాయి, దవడలు చీలాయి, తీగల సందుల్లోంచి కాళ్ళు లాక్కుని నమిలేశాయి. మధ్యలో గుడ్డ కప్పినా ఆగలేదు. చూపుతో పని అయితేగా! చివరికి రెండిటికీ మత్తు సూది పొడిచాకే పడ్డాయి.

"వీటికి ఒకదాని మీద ఒకదానికి కోపం కూడా లేదు మేడమ్," అన్నాడు డాలినాయుడు, మొహం తుడుచుకుంటూ. "ఇది భయపడిందని అది భయపడింది. అది భయపడిందని ఇది..."

గౌరీశ్వరి స్టూలు మీద కూలబడింది. వేగు తాగిన మనిషొకడు ఆమె ఇంట్లోనే ఉన్నాడు.

పైడిరాజు ఆమె మేనత్త కొడుకు, మొగుడు. ఆర్టీసీ డ్రైవరు. స్టీరింగు తిప్పి తిప్పి పెళ్ళాన్ని డాక్టరేటు దాకా చదివించాడు. వేళకి తిండి లేక, పెద్దపేగులో పుళ్ళు పడి, నెత్తురు విరేచనాలతో మనిషి పుల్లలా అయిపోతుంటే ఆ పెళ్ళాం చూస్తూ ఎలా కూర్చుంటుంది? వేగు ఎలుకల పేగుల్ని కూడా మాన్పుతోంది. మనుషుల మీద వాడటానికి అనుమతులొచ్చేసరికి బావ మిగిలేలా లేడు. "ఎలకలు దాన్ని తిని బతికీలేదేటి? నాను మాత్రం సచ్చిపోతానా? తే ఇలా," అన్నాడు తనే. ఓ నల్ల మట్టి గురిగిలో వేగు పెరుగు విడిగా తోడుపెట్టి రోజూ అతనొక్కడికే పోసింది. పుళ్ళు మానాయి, బుగ్గలు నిండాయి. ఓ రోజు సాలూరు ఘాటులో, మలుపు ఇంకా దూరముండగానే, కడుపులో చెయ్యిపెట్టి పిండినట్టయి బస్సు కొండవారకి తీసి ఆపేశాడట. ఎదర్నించి బ్రేకులు పోయిన లారీ వచ్చి లోయలోకి వెళ్ళిపోయింది. ఆ లారీ డ్రైవరు భయం గాలివాటుకి ముందే వచ్చి తాకిందన్నమాట. ప్రయాణికులు పైడిరాజు కాళ్ళకి దణ్ణం పెట్టారు. గౌరీశ్వరి ఆ వేళ గర్వంతో ఏడ్చింది.

'బావ ఒక్కడే కదా, రెండో మనిషి లేడు కదా' అని గుండె చిక్కబట్టుకుంటోంది. అప్పుడు ఫోను మోగింది. అత్త అప్పలనరసమ్మ.

"ఒలే గౌరీ, బేగొచ్చీయే! పక్కింటి సన్యాసిరావు పెళ్ళాం సెయ్యి నరికీసేడే! బాడిసెట్టి నరికీసేడు. ఎర్నమ్మ అన్నం వడ్డిస్తోందట, అంతే! ఈదిలో మగాళ్ళందరూ కర్రలట్టుకుని నిలబడ్డారు, ఒకడూ మాటాడ్డేటి!"

సన్యాసిరావు వడ్రంగి, బాడిసతో చెక్క చెక్కుకుని బతికేవాడు. చీమకి కూడా దారిచ్చే మనిషి.

"అత్తా, నల్ల గురిగిలో పెరుగు ఎవరికైనా పెట్టావా?"

"సీ, నానెందుకెడతాను? ముట్టొద్దన్నావు కదా. అసలు నాకు పెరుగే పడదు."

"మరి తోడుకి? తోడడిగితే ఇచ్చావా?"

అప్పలనరసమ్మ గొంతు తగ్గించింది.

"మన పెరుగు పిల్లి తాగీసిందే ఆ మజ్జెన. ఎర్నమ్మ గిన్నట్టుకుని గుమ్మంలో నిలబడింది. తోడడిగినోళ్ళని ఉత్త గిన్నెతో ఎలా పంపుతానే? ఓ సెంచా ఏసేను. తినొద్దన్నావు గానీ తోడు ఇవ్వొద్దని సెప్పినావా? గడ్డలా తోడుకుందట, తియ్యగా ఉందట. ఆళ్ళింటినించి ఈళ్ళు, ఈళ్ళింటినించి ఆళ్ళు..."

ప్రయోగశాలలో ఎలుకకో పంజరం కట్టిన మనిషి, వీధి వీధంతా పొద్దుగూకే వేళ గిన్నెలు పట్టుకుని ఒకరి గుమ్మంలోంచి ఒకరి గుమ్మంలోకి తిరుగుతుందన్న సంగతే మరిచిపోయింది! ఆ వీధిలోనే పుట్టి, ఆ గిన్నె పట్టుకుని తనే వందసార్లు తిరిగి కూడా మరిచిపోయింది. తన తల తనే బాదుకుంది.

"బావ ఎక్కడున్నాడు?"

"డూటీ దిగే యేళయింది. వొచ్చీస్తాడు."

గౌరీశ్వరి పైడిరాజుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మత్తు సూదులు దొరికినన్ని సంచిలో వేసుకుని డాలినాయుడి స్కూటరు వెనక ఎక్కింది. వేగుని చంపే యాంటీబయాటిక్ ఉంది, కానీ దానికి రోజులు పడతాయి. ఈ పూట గడవాలంటే సూదే గతి.

తమ ఊటగెడ్డ వీధి మొదట్లో దిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. ఎప్పుడూ సంతలా గోలగా ఉండే వీధిలో ఒక్క గొంతు లేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో రోకలి, ఒకామె చేతిలో కత్తిపీట, ఇంకొకడు సైకిలు చైను మణికట్టుకి చుట్టుకున్నాడు. అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. నిన్నటిదాకా అరువులిచ్చుకుని, పెళ్ళిళ్ళకి బిందెలు మోసుకున్న జనం, ఎదురింటివాడు ఏ క్షణాన మీద పడి చంపుతాడో అని వణుకుతూ చూస్తున్నారు. సన్యాసిరావు అరుగు కింద ఎర్నమ్మ నెత్తురు ఎండి నల్లబడింది. ఆమెను ఎవరో ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారట. సన్యాసిరావు వీధి నడిమధ్య నిలబడి, బాడిస పట్టుకుని ఏడుస్తున్నాడు.

"నెమ్మదిగా నడు. భయపడకు," అంది గౌరీశ్వరి.

"మేడమ్, నాకు భయం వేస్తోంది," అన్నాడు డాలినాయుడు. పాపం, నిజం చెప్పాడు.

అతనలా అన్నాడో లేదో అందరి తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. రోకలివాడు అరుగు మీద నుంచి దూకి డాలినాయుడి తల మీద వేశాడు. ఆరడుగుల మనిషి కిక్కురుమనకుండా పడిపోయాడు. ఆ దెబ్బ చప్పుడుకి వీధి అంటుకుంది. కత్తిపీట గాలిలోకి లేచింది. చైనువాడు రోకలివాడి మొహం మీద కొట్టాడు, కన్ను బయటికొచ్చింది. ఇద్దరాడవాళ్ళు జుట్లు పట్టుకుని గోడకేసి బాదుకుంటున్నారు. ఎవడూ తిట్టుకోవడం లేదు. తిట్లుంటే అది మామూలు దెబ్బలాటే, మధ్యలో పెద్దమనుషులొచ్చి ఆపుతారు. ఇక్కడ మూలుగులూ దెబ్బలూ తప్ప మాటే లేదు. గౌరీశ్వరి కంటికి ఎలుకల జాలీ మీది నెత్తురే కనిపించింది.

దొరికినవాడికి దొరికినట్టు సూదులు పొడిచింది. చైనువాణ్ణి వెనకనుంచి పొడిచింది. రోకలివాడు అప్పటికే పడిపోయాడు. ఆడవాళ్ళలో ఒకామె గౌరీశ్వరి ముంజేయి కండ ఊడొచ్చేలా కొరికింది, అయినా ఆమె మెడలో సూది దింపింది. ఎవరికి వాళ్ళు కొట్టుకునే గొడవలో ఉండబట్టి బతికిపోయింది.

అప్పుడొచ్చాడు పైడిరాజు. వీధి అవతలి చివర నుంచి, ఖాకీ చొక్కాలో. డిపో నుంచి నడిచి వస్తుంటేనే కడుపు మెలితిప్పేసిందేమో, చేతిలో జాకీ రాడ్డు ఉంది. అతనికి ఎదురుగా, నడిమధ్యన సన్యాసిరావు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని ఆగిపోయారు.

"బావా! అక్కడే ఉండు! కదలకు!" అని అరిచి అడుగు ముందుకేసింది గౌరీశ్వరి.

పైడిరాజు ఆమె వైపు తిరిగాడు. ఆ కళ్ళు చూసి ఆమె ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి, పెళ్ళాన్ని చూస్తున్నట్టు చూడటం లేదు.

"భయపడకే," అన్నాడు పళ్ళ బిగువున. "నిన్ను సూస్తే కడుపు తిప్పీస్తోందే. నాకాడికి రాకు. భయపడకు, దణ్ణమెడతాను, భయపడకే!"

భయపడొద్దంటే పోతుందా భయం? మొగుణ్ణి చూసి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది ఆ పిల్ల. నవ్వుదామని చూసింది. నవ్వు ఎవడిక్కావాలి! అతని కడుపు ఆమె మొహం చూడటం లేదు. రాడ్డు పైకి లేస్తోంది. రెండో చేత్తో అతనే దాన్ని కిందికి అదుముకుంటున్నాడు.

"సూదిలా తే," అంది వెనకనుంచి వచ్చిన అప్పలనరసమ్మ.

"వద్దత్తా, కొట్టేస్తాడు."

"నా కడుపున పుట్టినోడు. ఆడికి నానెందుకు బయపడతాను? తే!"

సూది లాక్కుని నడిచింది. ఆ నడక చూసి తీరాల్సిందే. సాయంత్రం కూరగాయల బండి దగ్గరికి పోతున్నట్టు, చెంగు సర్దుకుంటూ నడిచింది. ముసలిదాని ఒంట్లో వీసమెత్తు బెదురు లేదు. సన్యాసిరావు పక్కనించే పోతూ, "ఆ బాడిస దించరా నాన్నా, నీ పెళ్ళాం బతికే ఉంది," అంది. సన్యాసిరావు చెయ్యి సగం దిగింది. అతనికీ ఆమెలో ఏ కీడూ తగల్లేదు మరి.

"అమ్మా," అన్నాడు పైడిరాజు పసిపిల్లాడిలా. "ఆడు నన్ను సంపీస్తాడే."

"ఎవుడూ సంపడు. సెయ్యి సాపు."

చాపాడు. సూది దింపింది. మందు మొత్తం పోయేదాకా బొటనవేలు నొక్కి పట్టింది. గౌరీశ్వరికి ప్రాణం లేచొచ్చింది. ఇంకాసేపు, ఇంకాసేపు ఇలాగే నిలబడితే చాలు, బావ నిద్రపోతాడు.

వీధిలో ఎవరో కిటికీ తలుపు ధడాలున మూశారు.

సన్యాసిరావు ఉలిక్కిపడ్డాడు. పైడిరాజు కడుపు మెలిపడింది. అది సన్యాసిరావుకి తగిలింది. "సంపీకురా!" అని కేకపెట్టి బాడిస ఎత్తి ఉరికాడు. అప్పలనరసమ్మ వెనక్కి తిరిగింది. తిరిగేసరికి నెత్తిన ఇనప అంచు మెరుస్తోంది. అప్పుడు భయపడింది ముసలమ్మ. ఎవరు భయపడరు చెప్పండి? కొడుకుని ఆనుకుని నిలబడి, ఒళ్ళంతా భయపడింది. ఆ భయం నేరుగా కొడుకు కడుపులోకి పోయింది. ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకొచ్చిందో కడుపుకి తెలీదు. పక్కనే ప్రమాదం ఉందనే తెలుసు. రాడ్డు పక్కకే వచ్చింది.

బాడిస కరెంటు స్తంభానికి తగిలి చేజారింది. రాడ్డు అప్పలనరసమ్మ నెత్తిన పడింది. ఆమె పడిపోయాక ఇంకోసారి పడింది. మూడోసారి ఎత్తినప్పుడు మత్తెక్కి, పైడిరాజు అమ్మ మీదే ఒరిగిపోయాడు. సన్యాసిరావు ఆ నెత్తుట్లో మోకాళ్ళ మీద కూలబడి తన రెండు చేతులూ చూసుకుంటూ కేకలు పెడుతుంటే, గౌరీశ్వరి అతని భుజంలో ఆఖరి సూది పొడిచింది. అత్త తల ఒళ్ళోకి తీసుకుంది. ఎముక వేళ్ళ కింద కదిలింది.

అదంతా చూసిన మనిషి ఆమె ఒక్కతే. డాలినాయుడికి స్పృహ లేదు. భయమూ మత్తూ కలిసి మిగతావాళ్ళెవరికీ ఆ దెబ్బల సంగతి ఒక్క ముక్క గుర్తు లేకుండా చేశాయి.

తరవాత వీధిలో ఒక్క పెరుగు గురిగి మిగలకుండా పగలగొట్టారు. పోలీసుల కాపలాలో అందరికీ మందులు మింగించారు. ప్రయోగశాలకి తాళం పడింది. ఎలుకలన్నిట్నీ గౌరీశ్వరే తన చేత్తో చంపింది. డాలినాయుడి తలకి కుట్లు పడ్డాయి, ఊరెళ్ళిపోయాడు.

ఆసుపత్రి వరండాలో ఎర్నమ్మ ఎదురైంది. మోచేతి కింద చెయ్యి లేదు, కట్టు ఉంది. రెండో చేత్తో గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన పోలీసులకి సెప్పీసేడమ్మా. 'గుర్తునేదు బాబూ, పెళ్ళాం సెయ్యి నరికినోణ్ణి, ముసల్దాన్ని ఒగ్గుతానా, నానే అయ్యుంటాను' అన్నాడు. నువ్వు సూసేవంట కదా. ఆడేనా? ఆడి సెయ్యి ఎత్తుకి లెగిసే ఉంటాది గానీ దిగిందా? నువ్వు కాదంటే కాదు. నీ మాటే నమ్ముతారంట."

గౌరీశ్వరి చెయ్యి విడిపించుకుని వార్డులోకి వెళ్ళింది. సన్యాసిరావు చెయ్యి దిగలేదని ఈమెకి చెప్పాలంటే, ఎవరి చెయ్యి దిగిందో లోపల పడుకున్న మనిషికి చెప్పాలి. అమ్మంటే ప్రాణం పెట్టిన మనిషి. వింటే బతకడు. ఉరేసుకుంటాడు, బస్సు లోయలోకి దింపుతాడు, ఏదో ఒకటి చేస్తాడు. అత్త ఎలాగూ పోయింది. బావని కూడా పోగొట్టుకునే ధైర్యం ఆమెకి లేదు.

పైడిరాజు కళ్ళు తెరిచే ఉన్నాడు. పొద్దున డాక్టరు చెప్పాడు, అతని పేగుల్లో వేగు ఆనవాలు కూడా మిగల్లేదని. మందుల దెబ్బకి కడుపు ఒట్టిపోయింది. ఇప్పుడతను అందరిలాంటి మనిషే.

"గౌరీ. అమ్మని కొట్టింది ఎవుడే?"

ఆమె జావ గిన్నె బల్ల మీద పెట్టింది.

"నాకేటీ గుర్తునేదు. అమ్మ సూది పొడిసింది, అంతే. నువ్వు అక్కడే ఉన్నావు కదా. నిజం సెప్పు."

"సన్యాసిరావు," అంది గౌరీశ్వరి.

ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు చెంగులో దాచుకుంది. ఆ చెమట వాసనకే పట్టుబడిపోతానని ఎదురుచూసింది. పైడిరాజు అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, చాలాసేపు ఆమె మొహం కేసి చూశాడు.

"తెలుసే," అన్నాడు చివరికి. కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు సెప్పకముందే నాకు తెలుసు. ఆడేనని నా కడుపు సెప్తానే ఉంది. లెగనీ నన్ను. ఆణ్ణి బతకనిస్తానేటి?"

గౌరీశ్వరి గిన్నె అందుకుంది. జావ చల్లారిపోయింది. చెంచాతో కలిపి అతని నోటి దగ్గర పెట్టింది, అతను తాగాడు.